దువ్వెన పళ్ల తిల్లానా

పంజాగుట్ట, సోమవారం

వీడియో షాపు ఉప్పలయ్య గారికి అచ్యుతరావు నమస్కరించి రాసేది.

మీ అమీర్‌పేట షాపు చుట్టూ కోచింగ్ మైకులే, ఫోన్ చేస్తే ఒక్క ముక్క వినబడదు. అందుకే ఈ ఉత్తరం షట్టర్ కింద తోసి వెళ్తున్నాను.

మా ఆవిడ ఛాయాదేవి ఇరవై ఏళ్ల కిందట ఆడిన కూచిపూడి డిస్కుని మీరు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చారు కదా. ఆవిడ నిలబడితే బొమ్మ బాగానే ఉంది. చెయ్యి కదిపిందా, చేతి అంచుకి దువ్వెన పళ్లు మొలుస్తున్నాయి! వచ్చే ఆదివారం ఆవిడ అరవయ్యో పుట్టినరోజు. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు. ఒకప్పుడు ఎలా ఆడేదో కోడలికీ మనవలకీ కొత్త టీవీలో చూపించాలని నా ఆశ. బంగారంలాంటి డిస్కు పాడుచేశారు.

ఇట్లు,
అచ్యుతరావు

తా.క.: ఆ రోజు పక్కన కూర్చుని తాళాలు వేస్తూ నట్టువాంగం చేసింది నేనే. తిల్లానా చివరి అడుగు ఆవిడ ఆలస్యం చేస్తే, తాళం ఆపి కాపాడింది కూడా నేనే. ఏటా గుర్తుచేస్తుంటాను.

అమీర్‌పేట, బుధవారం

పెద్దసారుకు ఉప్పలయ్య దండాలు.

ఫికర్ చెయ్యకుండ్రి, డిస్కు ఖరాబ్ గాలె. మా నాయిన మగ్గం నేసెటోడు, గా లెక్కన చెప్త. పాత కెమెరా బొమ్మను ఒక్కపారే పట్టదు. పోగు ఇడిచి పోగు లెక్క ముందు బేసి గీతలు, జరసేపటికి సరి గీతలు. పాత టీవీ సుత గట్లనే ఒకదాని ఎనుక ఒకటి చూపెడ్తుండె. కొత్త టీవీ రెంటినీ ఒక్కపారే పరుస్తది. గంతల మేడం చెయ్యి ముందుకు పోయింది కదా, గందుకే దువ్వెన. రెండు తీర్ల సరిచేసి పంపుతున్న, నచ్చింది ఉంచుకోండ్రి.

మీ
ఉప్పలయ్య

తా.క.: ఎంత జల్ది కదిలితె గంత పెద్ద దువ్వెన సార్. ఇంత పెద్దది నేనెప్పుడు చూడలె.

పంజాగుట్ట, గురువారం

ఉప్పలయ్య గారికి, కోపం ఆపుకుని రాస్తున్నాను.

మొదటిదాంట్లో గీతలు కలిసిపోయి ఆవిడకి నాలుగు చేతులొచ్చాయి. పనిమనిషి రాజమ్మ చీపురు పక్కన పెట్టి టీవీకి దండం పెట్టింది. రెండోదాంట్లో సగం గీతలు తీసేశారేమో, చేతులు రెండే గానీ నాట్యం కుంటుతోంది. ఛాయాదేవి చూసి, "నా అడుగుల్లో సగం ఎవరు మింగారండీ?" అంది. ఇంక మూడు రోజులే ఉన్నాయి. మీ వల్ల కాకపోతే చెప్పండి, బేగంపేటలో ఇంకో షాపుందట.

ఇట్లు,
అచ్యుతరావు

తా.క.: చివరి అడుగు సంగతి ఇవాళా ఎత్తాను. నవ్వి ఊరుకుంది.

అమీర్‌పేట, శనివారం

సార్‌కు మళ్లా దండాలు.

తప్పు నాదే. సగం పోగులు గుంజేస్తె బట్ట నిలుస్తదా? ఈపారి బేసి గీతలకు ఒక నిండు బొమ్మ, సరి గీతలకు ఇంకో నిండు బొమ్మ చేసిన. సెకనుకు యాభై బొమ్మలు. ఒక్క అడుగు పోలె. మేడం మస్తు ఆడింది సార్, చూసుకుంట ఇంకో గిరాకీ పని మర్చిన.

మీ
ఉప్పలయ్య

తా.క.: గా చివరి అడుగు ఒక్కో బొమ్మ ఆపి చూసిన. మేడం కాలు దిగబోయి, పదకొండు బొమ్మలసేపు గాల్లనే ఆగింది. కండ్లు మీ దిక్కే ఉన్నయి. మీ తాళం పడ్డంకనే కాలు దించింది. మిషన్ తప్పనుకొని మూడుపార్లు మళ్లా చేసిన. తప్పు మిషన్‌ది గాదు, మేడంది గాదు.

పంజాగుట్ట, సోమవారం

చిరంజీవి ఉప్పలయ్యకి ఆశీస్సులు.

నిన్న అందరి ముందూ వేశాను. ఎంత బాగా ఆడిందయ్యా! చివరి అడుగు దగ్గర ఆపి, ఆలస్యం నాదేనని నేనే ఒప్పుకున్నాను. ఇన్నేళ్లూ చెప్పలేదేమని అడిగితే, "వేదిక మీద మిమ్మల్ని కాపాడినదాన్ని, ఇంటికొచ్చి పట్టిస్తానా?" అంది.

ఇట్లు,
అచ్యుతరావు

తా.క.: ఆ పదకొండింట్లో ఒకటి పెద్ద ఫొటో వేసి ఇవ్వు. అంచున తాళాలు పట్టుకుని, వెయ్యడం మరిచిపోయి, నోరు తెరుచుకుని ఆవిడనే చూస్తున్నవాణ్ణి నేను. కత్తిరించకు.