ఓడలో తూగని బెల్లం

వరంగల్,
ఆదివారం

నవతా,

మన ఫ్యాన్ ఫిక్షన్‌లో తొమ్మిదో అధ్యాయం తీసెయ్యమన్నావు. తీయను. అంతరిక్షనౌకలో దేనికీ బరువుండదు కాబట్టి, జబ్బు నుంచి కోలుకున్న కూతురి ఎత్తు బెల్లం ఇస్తానన్న పైలట్ మొక్కు అక్కడ తీరదన్నావు. ఆ సిరీస్ ఓడల గురించి నీకే ఎక్కువ తెలుసు, ఒప్పుకుంటాను. మేడారం మొక్కుల సంగతి మాత్రం నాకు వదిలెయ్.

అయినా మా నాయనమ్మను అడిగాను. మూడేళ్లప్పుడు నేను దవాఖాన నుంచి బతికొస్తే, మేడారంలో నా ఎత్తు బెల్లం తూయించింది ఆమే.

"బరువు లేని కాడ ఎట్ల తూస్తరు? కిందికి దిగి తూయమను," అంది.

"దానికోసం యుద్ధం మధ్యలో ఓడ దించాలా?" అన్నాను.

"దించాలె. నువ్వు తొమ్మిది కిలోలే తూగినవు. బెల్లం గింతేనా అని తక్కెడ కాడ్నే ఏడ్సిన. ఆ ఓడ నడిపే తల్లి గూడ సూసుకోవాలె గదా, పిల్ల ఎంత మిగిలిందో."

కాబట్టి ఓడ దిగుతుంది. ఏ గ్రహం మీద, ఎలాంటి నేల మీదో నువ్వు రాయి. తక్కెడ దగ్గర ఏం జరుగుతుందో నేను రాస్తాను.

ఇట్లు,
ఇప్పుడు అరవై రెండు కిలోలున్న నీ స్నేహితురాలు