నీలం డబ్బా, ఎర్ర డబ్బా

కరీం బావా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. బందరులో మన కంప్యూటర్ల కొట్టు రోజూ తెరుస్తూనే ఉన్నాను.

ఇవాళ గుడివాడ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. పిల్లల కోసం వీడియో పాఠాలు తయారు చేస్తుందట. ఏ ప్రాసెసర్ వేయమంటారని అడిగితే, అలవాటుగా ప్రాసెసర్లు నీలం డబ్బాలో అమ్మే కంపెనీని ఆకాశానికెత్తాను. ఎర్ర డబ్బా వాళ్లకి మార్కెట్టే లేదని, రేపు అమ్మబోతే కొనే నాథుడుండడని కూడా అన్నాను.

పదకొండేళ్లు అలాగే అన్నాను కదా. నేను కొండంత చెబితే నువ్వు సగం కొట్టిపారేసేవాడివి. మన పోట్లాట అంతా విన్నాకే వచ్చినవాళ్లు ఏదో ఒకటి తేల్చుకునేవాళ్లు. ఇవాళ కూడా నా వంతు అయిపోగానే నీ ఖాళీ కుర్చీ వైపు తిరిగాను.

"మీరింతగా చెబుతున్నారుగా, అదే ఇచ్చేయండి" అంది ఆవిడ.

నీ వంతూ నేనే అందుకున్నాను. నీ మాటలే అప్పజెప్పాను.

"ఆగండమ్మా. వీడియో పనికి ఎర్రదే నయం. అదే ధరకి పని తొందరగా అవుతుంది. తర్వాత కొత్త ప్రాసెసర్ వేసుకోవాలన్నా లోపలి బోర్డు మార్చక్కర్లేదు."

"మరి ఇందాక అలా అన్నారేంటండీ?"

"అది నా మాటండీ. ఇది మా పార్ట్‌నర్ మాట."

ఎర్రదే బిగించి ఇచ్చాను. ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. ఆవిడ వెళ్లిపోయింది.

నువ్వన్నదే నిజమని నీతో ఏనాడూ ఒప్పుకోలేదు. ఇవాళ ఒప్పుకున్నాను, ముక్కూమొహం తెలియని మనిషి ముందు.

శ్రీను