నా వాటా నీళ్లు

కాశిబుగ్గ, వరంగల్.

తమ్ముడు సామ్యేలుకు అక్క మార్త ప్రేమతో రాస్తున్నది. ప్రభువు దయ వల్ల ఇక్కడ నేను బాగున్నాను. డోర్నకల్‌లో అమ్మ, నాన్న బాగున్నారని నమ్ముతున్నాను. నీ సంగతే నమ్మలేకపోతున్నాను. మోకాళ్ల వాపు తగ్గిందా? ఫోన్ చేస్తే "ఫికర్ జెయ్యకక్కా, మంచిగనే ఉన్న" అని పెట్టేస్తావు. ఉత్తరాన్నయితే మధ్యలో పెట్టేయలేవు కదా, అందుకే రాస్తున్నాను.

దవాఖానలో పని అలవాటైంది. పిల్లల వార్డులో ఆయాను. పక్కగుడ్డలు మార్చడం, పిల్లల్ని ఎక్స్‌రేకు ఎత్తుకెళ్లడం, ఏడిస్తే ఊరుకోబెట్టడం. రోజంతా నిలబడే పనే అయినా కష్టమేం లేదు, అమ్మకు చెప్పు. నా గది ఒక నేతవాళ్ల ఇంటి మేడ మీద. కింద మగ్గం ఆడినంతసేపు తోడున్నట్టే ఉంటుంది, అది ఆగిన రోజు మాత్రం ఇల్లు గుర్తొచ్చి ఏమీ తోచదు. ఇంటామె రాజవ్వ "ఒక్కదానివి ఏం వండుకుంటవ్ బిడ్డా" అంటూ పప్పు పంపిస్తుంది. తిండికి లోటు లేదు. అమ్మ చేసే పచ్చిపులుసు రుచి మాత్రం ఇక్కడ ఎవరి చేతికీ రాదు.

ఇక అసలు సంగతి. మొన్న మా వార్డులో అచ్చం నీలాంటి జబ్బే ఉన్న ఒక అమ్మాయి చేరింది. నీలాగే కళ్లు పచ్చగా, నీలాగే కాళ్లు పట్టుకుని ఏడుపు మింగుతూ. డాక్టరమ్మ ఆ పిల్ల తల్లికి చెబుతుంటే పక్కన సెలైన్ స్టాండు పట్టుకుని విన్నాను.

"నెత్తురుల ఎర్ర కణాలు గుండ్రంగ ఉండాలమ్మా. నీ బిడ్డకు అవి కొడవలి లెక్క వంగుతయ్. వంగి సన్నటి నరాలల్ల ఇరుక్కుంటయ్. ఇగ ఆడికి నెత్తురు అందక నొప్పి లేస్తది. దెబ్బ తాకిందనుకొని ఒళ్లు తెల్ల కణాలను ఆడికి తోలుతది. అవి పోయి నరం గోడలకు అంటుకుంటయ్. వాపొస్తది, తోవ ఇంకింత ఇరుకైతది."

"మరి ఏం జెయ్యాలె మేడం?"

"రోజు గోళీ బందువెట్టొద్దు. చలిల తిప్పొద్దు. జరమొస్తే ఆగకుంట తీస్కరావాలె. నీళ్లు మాత్రం మస్తు తాగియ్యాలె. ఒంట్ల నీళ్లు తగ్గితే ఆ కణాలు ఇంకా జల్ది వంగుతయ్."

మనం ఇన్నాళ్లూ నీకు రక్తం తక్కువనుకుని బీట్‌రూట్ తినిపించాం, కళ్లు పచ్చబడితే పసరు పోయించాం. నీళ్ల సంగతి ఎవరమూ ఆలోచించలేదు. అంతకుముందు ఆదివారమే అమ్మ ఫోన్‌లో నోరు జారింది. "నీ నౌకరి కోసం తమ్ముడు శుక్రవారం శుక్రవారం చుక్క నీళ్లు ముట్టలే తెల్సా" అని మురిసిపోయింది.

ఉపవాస ప్రార్థనలో నా పేరు చెప్పమని నిన్ను అడిగింది నేనే. పేరు చెప్పి ఊరుకుంటావనుకున్నాను. నువ్వేమో మన సంఘంలో పెద్దవాళ్లు చేసినట్టే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతు తడుపుకోకుండా చర్చిలో ఆ చల్లటి బండల మీద కూర్చున్నావు. నాకు ఉద్యోగం వచ్చిన వారమే నువ్వు నొప్పులతో మంచం పట్టావు. నాకు మాత్రం నీకు చలిగాలి తగిలిందని చెప్పారు. నేను ఇక్కడ వార్డులో అందరికీ మిఠాయి పంచాను సామీ.

నా నెత్తురు కూడా పరీక్ష చేయించుకున్నాను. కణాలు వంగే ఈ గుణం అమ్మ దగ్గర ఒకటి, నాన్న దగ్గర ఒకటి ఉంటే, రెండూ నీకే వచ్చి ఉంటాయట, నువ్వూ వచ్చి పరీక్ష చేయించుకోవాలట. నాకు ఒకటే వచ్చింది, దానితో నాకు నొప్పులు రావట. అమ్మానాన్నలు ఒకరినొకరు అనుకోవద్దని చెప్పు, ఇది ఎవరూ కావాలని ఇచ్చింది కాదు. డాక్టరమ్మ నాతోనూ అదే అంది. అయినా మెట్లు గబగబా ఎక్కినప్పుడల్లా నీ ముందు తప్పు చేసినట్టే ఉంటుంది.

వచ్చే శుక్రవారం నా ఉద్యోగానికి కృతజ్ఞతగా మళ్లీ ఉపవాసానికి పేరిచ్చావట. నీకు చెప్పకుండా మన పాస్టర్ అయ్యగారికి ఫోన్ చేశాను, కోప్పడకు. జబ్బు సంగతి విని ఆయన "అయ్యో బిడ్డా, పిలగాడు మొండిగ కూసుంటే భక్తి అనుకున్న. నీళ్లు తాగి ప్రార్థన చేస్తే దేవుడు వద్దంటడా?" అన్నారు. నా మాట వినకపోయినా ఆయన మాట విను.

రాజవ్వ వాళ్లు నేసిన మందపాటి జంపఖానా ఒకటి పార్సిల్ పంపుతున్నాను. చర్చిలో అది పరుచుకుని కూర్చో. అమ్మను నాలుగు రోజులకు సరిపడా చింతకాయ తొక్కు పంపమను. నాన్న రైలు పట్టాల మీద డ్యూటీకి పోయేటప్పుడు మఫ్లర్ కట్టుకుంటున్నాడా? అయ్యగారికి, అమ్మగారికి, సంఘంలో పెద్దలందరికీ నా వందనాలు. నీ ప్రార్థనలో నన్ను మరవకు.

శుక్రవారం ఉపవాసం ఆగదు. నీ బదులు అది నేనుంటాను, నీ పేరు మీద. నువ్వు ప్రార్థనకు కూర్చో, నీ పక్కన నిండుగా నీళ్ల చెంబు పెట్టుకో. ఆ రోజు నేను తాగని నీళ్లు కూడా నువ్వే తాగాలి.

నీ అక్క,
మార్త