గాడిదను తూచవలసిన ఇద్దరు

ఈ కాగితం చదువుతున్న నువ్వు, నీ బరువు నీ బండి నాలుగు చక్రాల మీద ఎంతెంత పడుతోందో ఎప్పుడైనా తూచి చూసుకున్నావా? నేను చూసుకున్నాను. పోయిన నెల నా పాత కారును నాలుగు తూకపు పలకల మీద నిలబెట్టి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. జబ్బు నన్నెంత తినేసిందో, డాక్టరు నాన్చి నాన్చి చెప్పిన మాటను ఆ పలకలు మొహం మీదే చెప్పేశాయి. అందుకే ఈ వీలునామా.

నా కారు షెడ్డులో దేవుని వాక్యం చెప్పుకునేవాడిని, బడి మొహం పెద్దగా చూడనివాడిని, ఒంట్లో సత్తువ తగ్గినా బుర్ర సక్రమంగా ఉన్నవాడిని అయిన నేను, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా, వాక్య గ్రంథం మీద ఎడమ చెయ్యి ఉంచి కుడి చేత్తో ఇది రాస్తున్నాను. ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు. దీన్ని అమలుపరిచే బాధ్యత టైర్ల షాపు యజమానురాలికి అప్పగిస్తున్నాను. ఆవిడ నా ప్రసంగం ఒక్కటీ వినలేదు. కానీ అరిగిన టైరును బాగుందని ఏనాడూ అమ్మలేదు.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్నది, సర్వహక్కులతో నా భార్యకు. అదనంగా, పందేల కోసం బండి తేలిక కావాలని నేను ఊడదీసిన వెనక సీటు. దాన్ని తీసిన రోజు ఆమె "అంటే ఇక నాకు చోటు లేదన్నమాట" అంది. దాన్ని వరండాలోకి లాక్కెళ్లి, అప్పటినుంచీ దాని మీదే కూర్చుని బట్టలు కుడుతోంది. సీటు బోల్టులు బిస్కెట్ల డబ్బాలో దాచాను. ఆమె ఎప్పుడడిగితే అప్పుడు సీటు తిరిగి బిగించాలి, బండి ఎంత బరువెక్కినా సరే.

2. మంటలార్పే సిలిండరు సంఘ పెద్దకు. "నువ్వు నోరు తెరిస్తే పైకప్పు అంటుకుంటుందయ్యా" అని అందరి ముందూ వెక్కిరించాడు. కారు పందేలు వ్యర్థమని కూడా అన్నాడు. ఖాళీ పార్కింగు స్థలంలో ప్లాస్టిక్ కోన్లు నిలబెట్టి, ఒక్కో కారూ వాటి మధ్య మెలికలు తిరుగుతూ గడియారంతో పోటీపడే ఆట అది. గ్రంథం చెప్పే ఇరుకు దారి అంటే ఏమిటో నా ఒంటికి తెలిసింది అక్కడే. పైగా నడిపినవాళ్లే ఆ తర్వాత ఎండలో నిలబడి, ఇతరులు పడగొట్టిన కోన్లు లేపాలి. అలాంటి నియమం మన సంఘంలో ఉందా, పెద్దయ్యా? సిలిండరు దగ్గరే ఉంచుకోండి. నేను పోయినా నా మాటలు కొన్ని ఇంకా కాలుతూనే ఉంటాయి.

3. గాడిద, అనగా నా పాత చిన్న కారు, కళ్లద్దాల షాపులో పనిచేసే నా కూతురికి. గ్రంథంలో ప్రవక్త కంటే ముందు దేవదూతను చూసింది అతనెక్కిన గాడిదే కనుక ఆ పేరు పెట్టాను. ముందు చక్రాల పైభాగాలు లోపలికి వాల్చాను, మలుపులో టైరు నేలను నిండుగా పట్టుకోవడానికి. వెనక టైర్లలో గాలి కాస్త ఎక్కువ, తోక చురుగ్గా తిరగడానికి. వీటిని మార్చవద్దు.

4. లేత్ మిషన్ మీద పనిచేసే నా తమ్ముడికి నాలుగు తూకపు పలకలు, స్ప్రింగులు బిగించే స్పానరు.

5. వీళ్లిద్దరికీ మాటల్లేవు. కారణం ఒక కోను. కూతురు నడిపిన చివరి పరుగులో అది కదిలింది. దాని చుట్టూ గీసిన సుద్ద గీత దాటితే రెండు సెకన్ల జరిమానా. కాపలా నిలబడ్డ తమ్ముడు దాటిందన్నాడు. గెలుపు పోయింది.

"చిన్నాన్నా, గీత మీదే ఉంది కదా! కళ్లద్దాలు పెట్టుకో!"

"మా అన్న కూతురివని గీతను జరపనా?"

"అయితే నీ చెయ్యి పడ్డ బండి ఇక ఎక్కను!"

ఎక్కలేదు. వాడూ "పిలిస్తే వస్తా" అని బిగుసుకున్నాడు. ఆ కోనును నిర్వాహకుల్ని అడిగి తెచ్చుకున్నాను. దాన్ని నా శవపెట్టెలో నాతోపాటు పెట్టండి. గీత మీద ఉందో బయట ఉందో పైన నేనే అడిగి తెలుసుకుంటాను. కింద ఇక ఆ ప్రస్తావన వద్దు.

6. గాడిద స్ప్రింగులు ఇప్పటికీ నా పాత ఒంటి బరువుకే బిగించి ఉన్నాయి. లేని మనిషి కోసం సర్దిన బండి అది. కుడికి ఒకలా, ఎడమకు ఇంకోలా తిరుగుతుంది. కొత్త డ్రైవరు సీట్లో ఉండగా మరొకరు కింద స్ప్రింగులు తిప్పితేనే తూకం కుదురుతుంది. కూర్చున్న మనిషి దిగి తిప్పితే బరువూ దిగిపోతుంది. కనుక నా కూతురు సీట్లో కూర్చోవాలి, నా తమ్ముడు తిప్పాలి. ఇసుక బస్తా పెట్టి మోసం చేయవద్దు. ఇసుక బస్తా అలగదు, స్టీరింగూ పట్టదు. తూకం కుదిరేదాకా బండి కాగితాలు టైర్ల షాపు బీరువాలోనే ఉంటాయి. ఇద్దరిలో ఎవరు రానన్నా గాడిదను పాత ఇనుము కొట్టుకు తోలేయాలి.

శనివారం, నవంబరు పద్నాలుగు.
సంతకం: గాడిద యజమాని, వాక్య సేవకుడు
సాక్షులు: పక్కింటి కుట్టుపని ఆవిడ; క్షౌరశాల నడిపే మిత్రుడు

వీలునామా నేను పోయాకే చెల్లుతుందని వకీలు అంటున్నాడు. ఆరో అంశం అంతవరకు ఆగదు. ప్రతులు ఇద్దరికీ ఈ పొద్దునే పంపాను. గాడిదను పలకల మీదికి ఎక్కించే ఉంచాను. నేను షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను, అంకెలు చదువుతుంటే నా చెవులతో వినాలని. అమ్మాయీ, షాపు షట్టరు దించెయ్. ఒరేయ్ తమ్ముడూ, నిన్ను పిలుస్తున్నది నేనురా, ఇంకెవరు పిలవాలి? స్పానరు ఇక్కడే ఉంది. రేపు కాదు, వెలుతురు ఉండగానే, ఈ రోజే రండి.