కామధేనువుకు అమ్మ చీర

హుస్సేనీ ఆలం,
12-11-1974

అన్నా,

చాంద్రాయణగుట్టలో నువ్వూ, మన బర్రెలూ బాగున్నారనుకుంటున్నాను. వదినా, ఈ ఉత్తరం అన్నకు నవ్వకుండా చదివి వినిపించు.

నేను బాణీ కట్టిన ‘కామధేనువు’ను ఆదివారం సాయంత్రం పురానాపూల్ దగ్గరి హాల్లో మా వయొలిన్ బృందం వాయిస్తోంది. అందులో మాటలుండవు, అన్నీ తీగ వాయిద్యాలే. పాలసముద్రంలోంచి ఆవు పైకి లేవడం దాకా బాగానే వచ్చింది. చివర్లో అది చేపి, పాలు ధారగా వదిలే చోటే కుదరడం లేదు. అక్కడ నేను పెట్టింది పాలు పితుకుతూ అమ్మ తీసే కూనిరాగమే.

“స్వరాలన్నీ సాఫ్ ఉన్నయి భాయ్, గని ఆవు పాలిస్తలేదు” అంటున్నారు మా బృందాన్ని నడిపే సాల్మన్ మాస్టర్.

అమ్మ పోయినప్పుడు నల్ల బర్రె ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు, గుర్తుందా? నువ్వు అమ్మ చీర చుట్టుకొని, ఆ రాగమే తీస్తూ దాని పక్కన కూర్చున్నావు. బాపు “ఏందిరా ఈ యేషం!” అని నవ్వబోయి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. బర్రె నీ భుజం వాసన చూసి, నెమ్మదిగా చేపింది.

ఆ చీర ఇంకా కొట్టంలోనే వేలాడుతోందని వదిన చెప్పింది. ఆదివారం దాన్ని తీసుకొని రా. ఉతికించకు. ముందు వరసలో కూర్చొని ఒళ్లో పెట్టుకుంటే చాలు.

అమ్మ పోయి ఏడాది దాటింది. నాకింకా ఏడుపు రాలేదన్నా.

నీ తమ్ముడు