గోడ అడుగున ఎర్రపట్టీ

హిందూపురం,
18-2-1964.

శ్రీవారి పాదాలకు నమస్కరించి పార్వతి రాసుకునే జాబు. నేనూ పాపా ఇక్కడ క్షేమంగా ఉన్నాము. డ్యాము పనిలో మీరు ఎండకు తలకు గుడ్డ చుట్టుకుని, వేళకు ఇంత తిని, ఆరోగ్యంగా ఉంటారని తలుస్తాను.

మీ జాబు పోయిన సోమవారం అందింది. పాపకు పళ్ళు వచ్చాయా అని అడిగారు. కింద రెండు వచ్చాయి. ఏది దొరికితే అది కొరుకుతోంది. మీరు పంపిన గౌను అప్పుడే బిగుతైంది. పెనుకొండ నుంచి మా అమ్మ వచ్చి పది రోజులుగా పాపను చూసుకుంటోంది. నడిమింట్లో వేయించిన సిమెంటు నేల ఎక్కడా బీట పడలేదు, నున్నగా ఉంది. గోడ అడుగున పెయింటు ఏ రంగు వేయించావు, మీ అత్తకు నచ్చిందా అని రెండు జాబుల్లోనూ అడిగారు. పోయినసారి ఆ సంగతి రాయకుండా తప్పించుకున్నాను. ఈసారి మొత్తం రాస్తాను. కూర్చుని చదవండి.

ఆ జానెడు ఎర్రమన్ను పట్టీ మీ ఇంట్లో మీరు పుట్టకముందు నుంచీ ఉన్నదే. గోడల చుట్టూ, వాకిళ్ళ పక్కన, దొడ్డి మెట్ల అంచులకూ ప్రతి గురువారం మన్ను నానబెట్టి గుడ్డతో పూయడం కాపురానికి వచ్చినప్పటి నుంచి నా పని. గోళ్ళ సందుల్లోంచి ఆ ఎరుపు పోయేది కాదు. సిమెంటు వేయించాక ఆ నీళ్ళు కారి కొత్త నేల మీద మరకలు పడసాగాయి. నూనె పెయింటు వేయించెయ్యి, రంగు నీ ఇష్టం అని మీరు రాసినప్పుడు పొంగిపోయాను.

పెయింటరు తిప్పేస్వామిని వెంటబెట్టుకుని అంగడికి నేనే వెళ్ళాను. అంగడాయన మూడు డబ్బాల మూతలు తీసి చూపాడు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఇటుక ఎరుపు, ఒకటి సిమెంటు రంగు.

"మీ ఇంట్లో ఎర్రదే కదమ్మా ఉండాది. ఈ ఇటికె రంగేస్తే పాతదాని మాదిరే ఉంటాది" అన్నాడు తిప్పేస్వామి.

"పాతదాని మాదిరి ఉండేదానికి కొత్త పెయింటెందుకప్పా?" అన్నాను.

హెడ్మాస్టరుగారి ఇంట్లో సిమెంటు రంగు పట్టీ చూసి వచ్చాను. నేలా పట్టీ ఒకటే రంగై, ఎక్కడ నేల ముగిసిందో ఎక్కడ గోడ మొదలైందో తెలియకుండా కలిసిపోయి బంగళా మాదిరి ఉండింది. నాకు అదే కావాలనిపించింది. ఎర్ర డబ్బా దాని పక్కనే ఉండింది. చేయి చాస్తే అందేది.

ఇంటికి తెచ్చాక అత్త డబ్బా మీదికి వంగి, ముఖం దానికి ఆనించినట్టు పెట్టి, "ఏం రంగమ్మా ఇది?" అంది. చెప్పాను. "ఎర్రదే ఉండనీమ్మా" అంది. అన్నం తినేటప్పుడు మళ్ళీ అంది. తిప్పేస్వామి బ్రష్షు ముంచేటప్పుడు మూడోసారి వచ్చింది.

"మెట్లకాడన్నా ఎర్రగ ఉండనీ పార్వతీ."

"ఎందుకో చెప్పు అత్తా."

"ఊరికేనే. కండ్లకు నిండుగా ఉంటాది."

నాకు విసుగొచ్చింది. పరాయి మనిషి ముందర అనేశాను. "పూసి పూసి చేతులరిగేది నాకు, నీకు గాదు. కూర్చోని చూసేవాళ్ళకు అన్నీ నిండుగానే ఉంటాయి."

ఆమె వెనక్కి తిరిగింది. గోడ తడుముకుంటూ పోయి మంచం మీద కూర్చుంది. తడుముకుంటూ పోవడం నేను చూశాను. ఎందుకని ఆలోచించలేదు.

పెయింటు ఆరిన మూడో రోజు, పొద్దున పది గంటలప్పుడు, నేను దొడ్లో గుడ్డలుతుకుతున్నాను. నా పక్కన చాప మీద పాప ఏడ్చింది. ఆ ఏడుపు విని అత్త నడిమింట్లోంచి వచ్చింది. ముఖం నిండా నవ్వుతో, "వస్తాండా, వస్తాండా తల్లీ" అంటూ, అక్కడ మెట్లే లేనట్టు అడుగు ముందుకు వేసింది. నేను అరిచేలోగా పడిపోయింది.

ఇది జరిగి ఈరోజుకు ఇరవై మూడు రోజులు. అత్త బాగుందని పోయిన జాబులో మీకు రాసింది అబద్ధం.

తుంటి ఎముక విరిగిందనీ, ఈ వయసులో అతుక్కోవడం కష్టమనీ ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు. ఆయనే ఆమె కనురెప్పలెత్తి చూసి, "రెండు కళ్ళకూ పొర కమ్మి చాలా కాలమైంది. ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని నన్నడిగాడు.

ఇంటికి తెచ్చాక మంచం పక్కన కూర్చుని ఆమెనే అడిగాను.

"మనుషులు నీడల మాదిరి అగపడతారు" అంది. "ఎర్రగీత మాత్రం తెలిసేది. దాని వెంబడే పోతాంటి. గీత తెగితే వాకిలి, కిందికి దిగితే మెట్టు. ఇప్పుడంతా ఒకటే అయిపాయ. యాడ పోతాండానో తెలీకపాయ."

"ముందే ఎందుకు చెప్పలేదత్తా? మూడుసార్లు అడిగితివే, అప్పుడన్నా చెప్పింటే..."

అత్త గొంతు తగ్గించి అంది. "కండ్లు లేవని తెలిస్తే పాపను నా చేతికిస్తావా? యాడన్నా పడేస్తానని ఎత్తుకోనీవు."

నిజమే. ఇచ్చి ఉండేదాన్ని కాదు.

సంగతి తెలిసి తిప్పేస్వామి వచ్చాడు. కూలి వద్దు, మళ్ళీ ఎర్రరంగు వేసిపోతానన్నాడు. ఇప్పుడు దాని వెంబడి నడిచేదెవరు అని పంపేశాను. మీకు రాస్తే పని వదిలేసి వస్తారని అత్త నా చేత ఒట్టు పెట్టించుకుంది. ఆ ఒట్టు చాటున నేను దాక్కున్నాను. నాలుగు రోజులుగా అత్త రాగిగంజి కూడా రెండు గుక్కలు తాగి చాలంటోంది. వీపున పుండ్లు లేస్తున్నాయి.

మొన్న ధర్మవరం నుంచి కుళ్ళాయమ్మ వదిన వచ్చింది. "ఎట్ల పడితివే అమ్మా?" అని అడిగితే, "చీర కుచ్చెళ్ళు కాలికి తగులుకున్యాయి. ఎవరేం చేస్తారు? పార్వతి పాపం దొడ్లో గుడ్డలుతుకుతా ఉండె" అంది అత్త. నేను గడప దగ్గరే ఉన్నాను. కాదు వదినా అనడానికి నోరు రాలేదు. వదిన లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, నీ మాదిరి కోడలు దొరకడం మా అమ్మ పుణ్యం అని ఏడ్చింది. ఆ చేతులతోనే ఈ జాబు రాస్తున్నాను.

సెలవు దొరికినా దొరకకపోయినా వెంటనే బయలుదేరండి. మీతో కూడా ఆమె చీర కుచ్చెళ్ళనే చెప్తుంది. ఆమె ముందర నమ్మినట్టే ఉండండి. ఆ తర్వాత నన్ను పక్కకు పిలిచి అనవలసినవన్నీ అనండి. ఎదురు చెప్పను.

ఇట్లు,
మీ రాకకు ఎదురుచూసే
మీ భార్య
పార్వతమ్మ