పంచె కట్టేవాళ్ళ బండి

బావా,

మొన్న బెళుగుప్ప ప్రవచనంలో నా వెస్పా స్కూటరు మాట తెచ్చాను. మధ్యలో ట్యాంకు పెట్టకుండా ఖాళీ వదిలింది పంచె కట్టేవాళ్ళ కోసమేననీ, పరదేశం వాడికి కూడా మన ధర్మం తెలుసుననీ గట్టిగా చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు.

మా కోడలు అనుపమ మగ్గం దిగిన చీరలు ఆ బండి మీద తానే ధర్మవరం తీసుకుపోయి అమ్ముకుంటానంటోంది.

"అది పంచె కట్టేవాళ్ళ బండి, అమ్మా" అని తాళంచెవి ఇవ్వలేదు.

"కాదు మామా, ఈడ చూడు" అని ఫోనులో చదివింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినాక ఇటలీలో విమానాలు చేసే కంపెనీ ఈ బండి చేసిందట. ముందు చక్రాన్ని విమానం చక్రంలా ఒక పక్కనే బిగించారట. లేచి వెళ్ళి చూశాను, నిజమే. గౌను వేసుకున్న ఆడవాళ్ళు కూడా సుఖంగా ఎక్కాలని ఆ ఖాళీ వదిలారట.

"ఆడోళ్ళ బండి ఇన్నేండ్లు నువ్వు తోలినావు. మేమేమన్నా అంటిమా?" అంది. దశరథుడి రథం తోలింది కైకేయి కాదా అని కూడా అడిగింది. ఆ కథ ఊరూరా చెప్పేది నేనే.

నువ్వు ఆ బండ్ల షోరూములో పనిచేసినవాడివి. విమానాలు చేసేవాడికి ఆడవాళ్ళ గౌను సంగతి ఎట్లా తట్టింది బావా? అబద్ధమైతే తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది. నిజమైతే బెళుగుప్ప పోయి తప్పు చెప్పానని ఒప్పుకోవాలి.

తొందరగా రాయి. నా మోకాలు వాచింది, పోస్టాఫీసు దూరం. ఈ ఉత్తరం వేసి రమ్మని తాళంచెవి అనుపమకే ఇస్తున్నాను.

నీ బామ్మర్ది